మూడోసారి అడిగితేనే

ఆ రోజుల్లో మా బోధన్ దిక్కు ఎవరింటికి పోయినా, "తింటవా?" అని అడిగితే "వద్దు" అనడం మా అవ్వ మాకు నడకతో పాటే నేర్పిన విద్య. కడుపులో పేగులు అరుస్తున్నా సరే, మొదటిసారి అడిగినప్పుడు "ఇప్పుడే తిని వచ్చినం" అనాలి. రెండోసారి అడిగితే "ఎందుకు, మీకు తక్లీఫ్" అని కొంచెం గొంతు తగ్గించాలి. మూడోసారి అడిగాక, ఏదో వాళ్ల మాట కాదనలేక అన్నట్టు "సరే, జరంతనే పెట్టుండ్రి" అని పీట మీద కూర్చోవాలి. "అడగంగనే తింటే ఇంట్ల పెడ్తలేరనుకుంటర్రా" అనేది అవ్వ. అడిగేవాళ్లకూ ఈ పద్ధతి తెలుసు కాబట్టి ఎవరూ ఎవరినీ ఆకలితో పంపేవాళ్లు కాదు. (ఒక్క కోటగిరి పెద్దమ్మ తప్ప. ఆమె "తింటరా, తినరా, సరే మరి" అని మూడు ముక్కలూ ఒక్క ఊపిరిలో అనేసి గిన్నె మీద మూత పెట్టేది. ఆమె ఇంటి నుంచి వచ్చేటప్పుడు నేనూ అక్కా దారిలో చెరుకు విరుచుకొని నములుకుంటూ నడిచేవాళ్లం.) ఈ విద్యే నన్ను సముద్రం అవతల ముంచినంత పని చేసింది. అది చెప్పుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

చదువు నాకు ఒంటబట్టలేదు. (మా సార్లను అడిగితే, వాళ్లు పట్టించడానికి చాలా కష్టపడ్డారని, నేనే జారిపోయానని చెబుతారు.) మా దిక్కు చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక, అందులో చిన్నప్పటి నుంచి పనిచేసిన ఒక ఉస్తాద్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకొని వెల్డింగ్ పని మొదలుపెట్టాడు. ట్రాక్టర్ ట్రాలీలు, నాట్ల ముందు బురద తొక్కించే ఇనుప చక్రాలు, ఇంటి గేట్లు, ఏది విరిగినా ఆయన దగ్గరికే వచ్చేది. నేను అక్కడ నిలబడి నిప్పురవ్వలు చూస్తూ పొద్దు గడిపేవాణ్ని. ఒకరోజు ఆయన తల ఎత్తకుండానే "పని నేర్సుకుంటవారా?" అని అడిగాడు. లోపల గుండె గంతులేస్తుంటే పైకి మాత్రం "వద్దు ఉస్తాద్, ఊకెనే నిలవడ్డ" అన్నాను. మళ్లీ అడిగాడు. "నీకెందుకు ఉస్తాద్ తక్లీఫ్" అన్నాను. ఆయన మూడోసారి నోటితో అడగలేదు, నల్లద్దం తెచ్చి నా మొహానికి తొడిగాడు. మా పద్ధతిలో అదీ అడిగినట్టే.

పని బాగానే పట్టుబడింది గానీ వెల్డర్ అనే మాటకు మా ఊళ్లో అంత విలువ లేదు. గల్లీకి ఇద్దరం ఉండేవాళ్లం. పెళ్లిచూపులకు పోతే పిల్ల తండ్రి నా చేతుల మీది కాలిన మచ్చలు చూసి "మల్ల కబురు జేస్తం" అనేవాడు. (ఆ కబుర్లు ఇంకా దారిలోనే ఉన్నాయి.) అట్లాంటప్పుడు నిజామాబాద్‌లో ఇంగ్లీషు నేర్పే ఒక సారు గేటు చేయించుకోవడానికి మా షెడ్డుకు వచ్చి, ఆస్ట్రేలియాలో కొన్ని పనులకు మనుషులే దొరకడం లేదని, ఆ పని వచ్చినవాళ్లను వీసా ఇచ్చి పిలుస్తున్నారని, అందులో మన వెల్డింగ్ కూడా ఉందని చెప్పాడు. పోయి అక్కకు చెప్పాను. అవ్వ పోయినప్పటి నుంచి అక్క ఇల్లే నా ఇల్లు. ఆమె ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ అంతా విని, "ఇనుము అతికేటోడు లేకుంట గంత పెద్ద దేశం ఎట్ల నిలవడ్డదిరా?" అంది. బావ పక్కనుంచి "నిలవడకనే పిలుస్తున్నరు కావచ్చు" అన్నాడు. అక్క చుట్టిన బీడీకి దారం కట్టి, "ఈడ పిల్లనే ఇస్తలేరు, ఆడ దేశమే ఇస్తమంటే పోరాదురా" అంది. ఆ మాటతో నేను కదిలాను.

నిజామాబాద్ బస్సు ఎక్కి రోజూ ఇంగ్లీషుకు పోయాను. వెల్డింగ్ పరీక్ష నల్లేరు మీద బండి నడకలా సాగింది. మాట్లాడే పరీక్షలో మాత్రం, ఎదురుగా కూర్చున్న మేడమ్ ముందుగా "మంచినీళ్లు కావాలా?" అని అడిగింది. నా నాలుక అప్పటికే అంగిట్లో అతుక్కుపోయి ఉంది. అయినా "నో, థాంక్యూ మేడమ్" అని గౌరవంగా చెప్పి, రెండోసారి కోసం ఆమె మొహంలోకి చూశాను. ఆమె సీసా అవతల పెట్టేసి ప్రశ్నలు మొదలుపెట్టింది. పరీక్షంతా దగ్గుతూనే రాశాను, అంటే మాట్లాడాను. ఎట్లాగో గట్టెక్కాను. అప్పుడే బుద్ధి రావాల్సింది, రాలేదు.

నేను చేరింది ఆస్ట్రేలియా ఉత్తరాన ఒక చెరుకు ఊరు. బస్సు దిగగానే అచ్చం మా ఫ్యాక్టరీ నడిచిన రోజుల వాసన, ఉడుకుతున్న చెరుకు రసం, తడి పిప్పి, కాలిన నూనె. ముక్కు ఇంటికి వచ్చేశానంది, కళ్లు మాత్రం లేదన్నాయి. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. ఇంటి ముందు కూర్చున్న ముసలివాళ్లు లేరు, ఎక్కడికి పోతున్నావని అడిగేవాడు లేడు. మా గల్లీలో చెప్పులేసుకొని బయటికి వస్తే చాలు, నలుగురికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది, అప్పట్లో అది నాకు చిరాకు. ఇక్కడ ఆదివారం ఊరి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచి వచ్చినా నన్ను పలకరించింది ఒక కుక్క. అది కూడా కంచె అవతల నుంచి.

నేను పనిచేసే వర్క్‌షాపులో చెరుకు మోసే ఇనుప డబ్బాలు బాగుచేసేవాళ్లం. చిన్న పట్టాల మీద రైలులాగా వరసగా పోతాయవి. యజమాని మంచి పొడగరి, గడ్డం ఇటుక రంగు. అందరూ ఆయన్ను పేరు పెట్టే పిలిచేవాళ్లు, నాకు మాత్రం నోరు రాక "సార్" అనేవాణ్ని, మనసులో ఎర్రగడ్డం అనుకునేవాణ్ని. మొదటిరోజు చాయ్ వేళకు ఆయనే స్వయంగా వచ్చి "టీ తాగుతావా?" అన్నాడు. "నో సార్, థాంక్యూ" అన్నాను. "పర్వాలేదు" అని వెళ్లి తనకు పోసుకున్నాడు. మరుసటి రోజు అసలు అడగనే లేదు. అంతే, ఆ వర్క్‌షాపులో నేను చాయ్ తాగని మనిషిగా స్థిరపడిపోయాను. (పొద్దున లేవగానే రెండు కప్పులు లేనిదే కళ్లు తెరవని వంశం మాది.) అందరూ కప్పులతో కబుర్లు చెప్పుకుంటుంటే నేను నీళ్ల సీసా పట్టుకొని, దాహమే నా ధర్మమన్నట్టు గోడ పక్కన నిలబడేవాణ్ని. క్రిస్మస్‌కు ఎర్రగడ్డం "మా ఇంట్లో భోజనానికి వస్తావా?" అన్నాడు. "నో నో సార్, మీకెందుకు ఇబ్బంది" అన్నాను. ఆయన సరేనన్నాడు. పండగనాడు నేను అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకొని కిటికీలోంచి చెరుకు తోట చూస్తూ తిన్నాను. ఏడుపు వచ్చింది. తొక్కు కారమని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇక అసలు సంగతి. నా వీసా కొన్నాళ్లదే. అది తీరేలోగా యజమాని "ఈ మనిషి మాకు కావాలి" అని ప్రభుత్వానికి రాసిస్తే పీఆర్ వస్తుంది, అంటే ఆ దేశంలోనే ఉండిపోయే హక్కు. రాయకపోతే పెట్టె సర్దుకొని రావాల్సిందే. వస్తే మళ్లీ మా గల్లీ ఇద్దరు వెల్డర్లలో ఒకణ్ని నేను. ఒక మధ్యాహ్నం ఎర్రగడ్డం నా దగ్గరికి వచ్చి, గ్రైండర్ ఆపమని సైగ చేసి, "నీ పని మాకు నచ్చింది. మేం నీ పేరు పంపిస్తాం, ఇక్కడే ఉండిపోతావా?" అని అడిగాడు. ఆ మాట కోసమే నేను సముద్రం దాటాను. ఆ మాట వినాలని నిజామాబాద్ బస్సులో నిలబడి ఇంగ్లీషు క్రియలు బట్టీ పట్టాను. నా మనసు ఎగిరి ఆయన కాళ్ల మీద పడింది. నా నోరు మాత్రం అవ్వ నేర్పిన పాఠం అప్పగించింది. "నో నో సార్. మీకెందుకు ఇబ్బంది."

ఆయన ఒక క్షణం నన్ను చూసి, "సరే, నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు. నేను చిరునవ్వుతో గ్రైండర్ మళ్లీ ఆన్ చేశాను. మొదటిసారి అయిపోయింది, ఇంక రెండోసారి ఉంది కదా అని నా ధీమా. ఆ రెండోసారి రాలేదు. ఆయన ఎటు పోతే అటు, అడగడానికి వీలుగా ఉండేటట్టు నిలబడేవాణ్ని. ఒకసారి ఆయన వినేటట్టు గట్టిగా నిట్టూర్చాను. నడుం నొప్పా అని అడిగి, పూసుకోమని మందు ఇచ్చాడు. ఇంకోసారి, మా ఊళ్లో ఇప్పుడు పని దొరకడం కష్టమని ఎవరితోనో చెబుతున్నట్టు ఆయన ముందే చెప్పాను. ఆయన జాలిగా తల ఊపాడు.

ఈలోగా నాతో పనిచేసే ఒక ఫిలిప్పీన్ తమ్ముణ్ని ఆయన అదే మాట అడగడం కళ్లారా చూశాను. ప్రశ్న పూర్తి కాకముందే వాడు "యెస్" అన్నాడు. వాడి తరఫున నాకు సిగ్గేసింది. ఎంత మొహం వాచినవాడు, ఇంట్లో పెద్దవాళ్లు ఏమీ నేర్పలేదా అనుకున్నాను. కొన్నాళ్లకు ఆ మొహం వాచినవాడు పీఆర్ వచ్చిందని కేకు పట్టుకొచ్చాడు. ముక్క తింటావా అని అడిగాడు. వద్దన్నాను. (ఇంకా నయం కాలేదు నాకు.) ఆరోజు గదికి నడుస్తూ మొదటిసారి భయపడ్డాను. మా ఊళ్లో ఒక్కసారే అడిగి వదిలేశారంటే దానికి ఒకటే అర్థం, నువ్వు రాకుంటేనే మంచిదని. కోటగిరి పెద్దమ్మ గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు నాకు అక్కడ వినిపించింది. నేను వీళ్లకు అక్కర్లేదు. ఆ మాట అనుకున్నాక ఊరు ఇంకా ఖాళీగా కనిపించింది.

అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఒక్కసారే అడిగిండా? మల్ల అడుగనే లేదా?" అని ఆమె నమ్మలేకపోయింది. "గదేం మర్యాదరా? మనింట్ల పిల్లికి పాలు పోసినా రెండుసార్లు పిలుస్తం గద. గసువంటోళ్ల నడుమ ఎందుకురా, వచ్చెయ్." అంతలోనే గొంతు మారింది. "నీకైతే ఉండాలనే ఉన్నదా?" అంది. ఉందన్నాను. "అయితే ఉస్తాద్‌ను అడుగు, నాకు గీ దేశాల సంగతి ఎరుకలేదు" అని పెట్టేసింది. ఉస్తాద్ నా కథ సాంతం వినలేదు. "అరె పాగల్, అడుగంది అమ్మ గూడ బువ్వ పెట్టదు. ఆయనకేం ఎరుక నీ లోపలి ముచ్చట? పో, పోయి నోరు తెరిచి జెప్పు" అని తిట్టాడు. మరుసటి రోజు ధైర్యం కూడగట్టుకొని యజమాని గది తలుపు కొట్టాను. "కూర్చో, టీ తాగుతావా?" అన్నాడు. "నో సార్" అన్నాను. ఆ ముక్క అన్నాక గొంతులో మిగతా మాటలన్నీ దాని వెనకే వరసకట్టి ఆగిపోయాయి. "గ్రైండర్ బిళ్లలు అయిపోయాయి సార్" అని చెప్పి వచ్చేశాను. అవి అయిపోలేదు. సాయంత్రానికి ఆయన కొత్తవి తెప్పించి నా బల్ల మీద పెట్టాడు.

చెరుకు ఆడే కాలం మధ్యలో ఒకరోజు నేనొక డబ్బా అడుగు అతుకుతున్నాను. తొక్కేసిన అగ్గిపెట్టెలా నలిగిపోయిన డబ్బా అది, ఎవరైనా పారేద్దామనేవాళ్లు. ఎర్రగడ్డం పక్కన నిలబడి చాలాసేపు చూసి, "నువ్వు వెళ్లిపోయాక ఇట్లాంటివి ఎవరు బాగుచేస్తారో" అన్నాడు. అద్దం పైకెత్తి, "నేను వెళ్లిపోతానని ఎవరు చెప్పారు సార్?" అన్నాను. "నువ్వే. ఉంటావా అని అడిగితే వద్దన్నావు కదా. మీ వాళ్ల మీద బెంగేమోనని నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బలవంతపెట్టినట్టు ఉంటుందని."

అప్పుడు తెగింది కట్ట. నాకు వచ్చిన ఇంగ్లీషు, రాని ఇంగ్లీషు కలిపి చెప్పాను. సార్, మా ఊళ్లో మొదటి వద్దు మర్యాదకు. రెండో వద్దు మీరు నిజంగా పిలుస్తున్నారో లేదో తెలుసుకోవడానికి. మూడోసారి చెప్పేదే జవాబు. మీరు ఒక్కసారి అడిగి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. చాయ్ కోసం కూడా. ఆ చివరి మాట ఎందుకు అన్నానో నాకు తెలియదు.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "చాయ్ కూడానా?" అన్నాడు. "చాయ్ కూడా, సార్. క్రిస్మస్ భోజనం కూడా." ఆయన టోపీ తీసి డబ్బా మీద పెట్టి, తల గోక్కొని, గుడిలో నిలబడ్డ మనిషిలా నిలబడ్డాడు. "ఇక్కడ ఉండిపోతావా?" అని అడిగాడు. ఈసారి నేను బుద్ధిమంతుణ్ని, వెంటనే "యెస్ సార్" అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "కాదు కాదు, నువ్వు ముందు వద్దనాలి. పద్ధతి ప్రకారం చేద్దాం." మళ్లీ అడిగాడు. వద్దన్నాను. ఇంకోసారి అడిగాడు. మీకెందుకు ఇబ్బంది అన్నాను. అప్పటికి ఫిలిప్పీన్ తమ్ముడితో సహా పనివాళ్లంతా చుట్టూ మూగి, ఏం జరుగుతోందో తెలియక నోళ్లు తెరుచుకొని చూస్తున్నారు. మూడోసారి అడిగాడు. "సరే సార్, మీ మాట కాదనలేక" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నల్లద్దం కిందికి దించుకున్నాను, దాని వెనక ఏమున్నా బయటికి కనపడదు.

ఆ తర్వాత పీఆర్ వచ్చింది. అక్క గల్లీ అంతా చక్కెర పంచి, తమ్ముణ్ని దేశం ఉంచుకున్నదని చెప్పుకుంది. వర్క్‌షాపులో చాయ్ వేళ నన్ను మూడుసార్లు అడగడం ఒక ఆచారమైపోయింది. మొదట్లో ఆట పట్టించడానికే అడిగేవాళ్లు, పోనుపోను ఎర్రగడ్డం ఒక్కడే మిగిలాడు, ఆయనకు అది అలవాటైపోయింది.

మొన్నామధ్య సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. నా జుట్టు నెరిసింది, అక్క కళ్లద్దాలు పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఉన్నన్నాళ్లూ ఈ కథే చెప్పి అందరినీ నవ్వించాను. అక్కడ ఒకటే మాట, వద్దంటే వద్దే, కావాలంటే కావాలె, మనలాగా తిప్పుకోవడం లేదని గొప్పగా చెప్పాను. అక్క పడీ పడీ నవ్వింది. రేపు ప్రయాణమనగా చాటలోంచి తల ఎత్తకుండా, "ఇంకో వారం ఉంటవారా?" అని అడిగింది.

టికెట్ మార్చుకోవచ్చు. సెలవూ ఉంది. ఆ ఒక్క మాట కోసమే నేను ఆ వారమంతా ఆమె చుట్టూ తిరిగాను. "వద్దులే అక్కా, నీకెందుకు తక్లీఫ్" అన్నాను.

అని, ఎదురుచూశాను. అక్క ఒక ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టింది. "సరేరా. మీ దిక్కు ఒకటే మాటనాయె" అని లేచి, నాకు కట్టివ్వాల్సిన సకినాల డబ్బా కోసం లోపలికి పోయింది. మీ దిక్కు. నేను ఆ దేశం మనిషినైంది పీఆర్ వచ్చిన రోజు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు, ఆ పొద్దే. నిజామాబాద్ స్టేషన్‌లో బండి కదిలేదాకా కిటికీ దగ్గరే కూర్చున్నాను, అడుగుతుందేమోనని. ఆమె జాగ్రత్తలే చెప్పింది.

తిరిగి పనిలోకి వచ్చిన రోజు చాయ్ వేళకు ఎర్రగడ్డం, ఇప్పుడు తెల్లగడ్డం, కెటిల్ పట్టుకొని వచ్చాడు. తాగుతావా అన్నాడు. వద్దన్నాను. మళ్లీ అడిగాడు. మీకెందుకు ఇబ్బంది అన్నాను. ఆయన విసుక్కోకుండా, తొందరపడకుండా మూడోసారి కూడా అడిగాడు. సరే, జరంత పోయండి అన్నాను. వేడి వేడి కప్పు చేతికి వచ్చింది. ఒకప్పుడు గ్రైండర్ పక్కన నిలబడి "నో నో సార్" అని చిరునవ్వు నవ్విన నాలోని ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నాకూ నవ్వొచ్చింది. చక్కెర ఎక్కువైంది గానీ, మొత్తం తాగాను.